కేశ సార్వభౌమం

ఫ్రాంకుల దేశంలో సార్వభౌమత్వం సాక్షాత్తూ భుజాలు దాటిన కేశపాశంలోనే కొలువుండును; జుట్టు పోతే రాజయ్యే హక్కూ పోవును. అందుకే నాడు రాకుమారుడు మెరోబాల్డ్ జుట్టు కోయించి మఠంలోకి నెట్టిన మహామంత్రి రాడోమార్, రాజు వారసులు లేకుండా చనిపోగానే ఆ మఠానికే వచ్చాడు.

“జుట్టు పెంచండి ప్రభూ, సింహాసనం తమరిదే.”

“కోయించిన రోజు ‘ఒరేయ్’ అన్నావు,” అన్నాడు తల కప్పిన సన్యాసి ముసుగులోంచి మెరోబాల్డ్.

“శత్రువులు పొడుగుజుట్టు రాజొకణ్ణి వెంటేసుకుని వస్తున్నారు. మన వైపు రాజు లేకపోతే సైన్యం కదలదు. నా తల తెగుతుంది.”

“అయితే మోకాళ్ల మీద అడుగు.”

మహామంత్రి పళ్లు నూరుతూ రాతినేల మీద మోకరిల్లాడు. “నన్ను కాపాడండి, ప్రభూ.”

మెరోబాల్డ్ ఆ దృశ్యాన్ని తనివితీరా చూసి, తాపీగా ముసుగు వెనక్కి తోశాడు.

ఆయనకు బట్టతల వచ్చి చాలా ఏళ్లయింది.