రంపపు పొట్టు

కింది బోల్టు ఊడిరాగానే నల్లటి ఆయిలు బొళబొళమని డబ్బాలో పడింది.

దామోదర్ బండి కింద నుంచి తల బయటపెట్టి రోడ్డు చివరిదాకా చూశాడు. ఎవరూ రావడం లేదు. అమ్మయ్య అనుకున్నాడు. మరుక్షణమే, ఎందుకు రావడం లేదని గాభరాపడ్డాడు.

పొద్దున్నుంచీ ఇదే వరస. కాలుకాలిన పిల్లిలా బండి చుట్టూ తిరగడం, కిందికి దూరడం, మళ్ళీ బయటికొచ్చి రోడ్డుకేసి చూడడం.

బెంగుళూరు పీణ్యలో ఫ్యాక్టరీలకు ఇనప సామాన్లు మోసి మోసి ఆ పాత పికప్‌కు వెనక చక్రాలను తిప్పే డిఫరెన్షియల్‌లో గేర్లు అరిగిపోయాయి. వేగం అందుకుంటే చాలు, కుయ్యిమని ఒకటే కూత. అది విని ఇప్పటికే ఇద్దరు కొనేవాళ్ళు దణ్ణం పెట్టి వెళ్ళిపోయారు. మూడో ఆయన సాయంత్రానికి కోలారు నుంచి వస్తానని ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేశాడు.

ఆయన కూడా దణ్ణం పెడితే భార్య అలివేలుకు ఆపరేషన్ జరగదు. సోమవారంలోగా డబ్బు కట్టాలని ఆసుపత్రిలో ఖరాఖండిగా చెప్పేశారు.

అందుకే ఈ ఉపాయం. పాత ఆయిలు తీసేసి, చిక్కటి గేర్ ఆయిల్లో రంపపు పొట్టు కలిపి పోస్తే నాలుగు రోజులు కూత వినపడదని ఒక బ్రోకరు చెవిలో ఊదాడు. ఆ తర్వాత గేర్లు ఏమైతేనేం, అప్పటికి బండి మనది కాదు.

"ముందు పైబోల్టు ఇప్పాల గదప్పా. అది రాకపోతే కొత్త ఆయిలు ఎట్ల పోస్తావు?"

ఎవరో మనిషి. నెరిసిన గడ్డం, చంకలో గుడ్డసంచి. గోడ నీడన గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. కూలిపని దొరక్క తిరుగుతున్నవాడై ఉంటాడనుకున్నాడు దామోదర్.

"నీ పని నువ్వు చూసుకోప్పా."

పైబోల్టు నిజంగానే రాలేదు. తుప్పు పట్టి మొండికేసింది. లోపల చుక్క ఆయిలు లేదు, పోసే దారి లేదు. కొనేవాడొచ్చి బండి తోలమంటే అంతే సంగతులు.

ఆ మనిషి బండి కిందికి దూరాడు. బోల్టు చుట్టూ సుత్తితో మెల్లగా తట్టాడు. పానాకు ఇనప గొట్టం తొడిగి నొక్కాడు. కిర్రుమంటూ కదిలింది.

మంచిమాట చెప్పే తీరిక కూడా దామోదర్‌కు లేదు. ఎలాగూ ఖాళీగా ఉన్నాడు కదా అని మలుపులో ఉన్న వడ్రంగి దగ్గరికి పంపి పొట్టు తెప్పించాడు. అతను వస్తూ వస్తూ దామోదర్‌కు టీ కూడా పట్టుకొచ్చాడు.

పొట్టు ఎందుకని అతను అడగలేదు. పాత ఆయిలును రెండు వేళ్ళ మధ్య రుద్ది, ఎండలో మెరిసే ఇనప రజను చూస్తూ ఉండిపోయాడు.

"లోడుతో మొగిలి ఘాట్ దిగేటప్పుడు గేరు పండ్లు ఇరిగితే?" అన్నాడు.

"తోలేటోడు ఎవుడో, వాని తిప్పలు వాడు పడతాడు. నా పెండ్లాము ఆస్పత్రిలో ఉండాది."

అన్నాక దామోదర్‌కు తన మాట తనకే చేదుగా తగిలింది. ఆ చేదు దిగమింగడానికో ఏమో, అతను అడగకపోయినా అలివేలు జబ్బు సంగతంతా చెప్పుకొచ్చాడు. అతను విన్నాడు. పొట్టు కలిపిన ఆయిలు పోస్తుంటే గరాటు కదలకుండా పట్టుకున్నాడు.

పని కాగానే దామోదర్‌కు కొత్త భయం పట్టుకుంది. కొనేవాడి ముందు ఈ మనిషి నోరు జారితే?

"ఇంక పోప్పా. ఈడ నిలబడద్దు."

అతను చేతులు తుడుచుకుని, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

టమోటాల వ్యాపారి అశ్వత్థప్ప వచ్చేసరికి ఎండ వాలింది. దామోదర్ అల్లి పెట్టుకున్న అబద్ధాలన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ అవసరపడలేదు. ఆయన బండి తోలి చూడలేదు. బేరమాడలేదు. డబ్బు చేతిలో పెట్టి తాళాలు అడిగాడు.

దామోదర్‌కు ఉండబట్టలేదు. "తోలి చూడరా సామీ?"

"ఏముండాది చూసేకి? గేర్లు అరిగినాయి, నువ్వు పొట్టు పోసినావు."

తెలిసీ ఎందుకు కొంటున్నారని దామోదర్ తడబడుతూ అడిగాడు. అశ్వత్థప్ప చెప్పాడు. బండి చూడమని పొద్దున్నే ఒక మనిషిని ముందుగా పంపించాడట. తాను బస్సు దిగేసరికి అతను మెయిన్ రోడ్డులో కాచుకుని ఉన్నాడట.

"ఉన్నదున్నట్టు చెప్పినాడు. అట్లయితే వద్దులే, ఎనిక్కి పోదామంటి. ఒప్పుకోలేదు. ఇంజను గట్టిది, గేర్లు నేను దగ్గరుండి మార్పించుకుంటా, ఆయమ్మ ఆపరేషన్ నిలబడిపోకూడదు సామీ, బేరం కూడా ఆడద్దండి అని బతిమాలినాడు."

దామోదర్ చప్పున రోడ్డుకేసి చూశాడు.

"ఈడికి రాడులేప్పా. తనను చూస్తే నువ్వు తల దించుకుంటావంట. మెయిన్ రోడ్డులోనే నిలబడినాడు. ఆడిదాకా నేనే తోలుకపోతా."

"ఎవరు సామీ ఆయన?" దామోదర్ అడిగాడు.

అశ్వత్థప్ప బండెక్కి తాళం తిప్పాడు.

"మా డ్రైవరు తిరుపాలు. రేపట్నించి ఈ బండి తోలేది ఆయప్పే."