నలభై చెంబుల మర్యాద

ప్రార్థన మధ్యలో దొర జవాను కర్ర ఊపుకుంటూ యేసు గుడిలోకి వచ్చాడు.

"అందరు వెట్టికి లేవుండ్రి! పొద్దు గూకక ముందే దొర మడి కోసుడైపోవాలె. రానోని వీపు పగుల్తది!"

ముందుగా ముసలి ఈదమ్మ లేచింది. నీళ్ల చెంబుతో వచ్చి అతని కాళ్ల దగ్గర కూలబడింది.

"బాంచెన్ అయ్యా, ఇయ్యాల మా పండుగ. యేసుసామి శిష్యుల కాళ్లు కడిగిన దినం. గడప తొక్కినోళ్ల కాళ్లు కడగకుంటే మాకు పాపం."

పాస్టరయ్య వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకున్నాడు. జవాను మాత్రం పొంగిపోయి, చెప్పులు విడిచి కాలు చాపాడు.

ఈదమ్మ ఒక్కో వేలూ తోమింది. ఆమె వెనక నలభై మంది చెంబులతో వరుస కట్టారు.

"మా వంతు గూడ రానియ్యి, బాంచెన్!"

పొద్దు వాలేసరికి జవాను పాదాలు నానిన శనగల్లా ఉబ్బాయి. చెప్పులు పట్టక, చంకన పెట్టుకుని కుంటుకుంటూ పోయాడు. ఇంక కోతకు వెలుతురు లేదు.

"అవ్వా, కాళ్లు కడిగేది గుడ్ ఫ్రైడే ముంగటి బేస్తారం గద? ఇయ్యాల సోమారమే," అన్నాడు పాస్టరయ్య.

"నాకెరికే అయ్యగారూ," కొంగుతో చేతులు తుడుచుకుంది ఈదమ్మ. "రేపు గూడ వస్తడేమో, బాయిల నీళ్లు సాల్తయా సూడుండ్రి."