ఆ మాట ముందు గుటక

నవత గొంతు పోయింది. జలుబు, దగ్గు, దానిమీద జ్వరం.

సరిగ్గా డబ్బింగ్ రోజులకే పోవాలా? సినిమాల్లో ఆమెకు దొరికిన మొదటి పాత్ర అది, ఇన్‌స్పెక్టర్ వేషం.

"వేరేవాళ్లతో చెప్పిస్తాం. రిలీజ్ ఆగదు" అని ఆఫీసు నుంచి ఫోన్ చేశారు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు, దర్శకుడు ఇచ్చిన అవకాశాన్ని కాస్తా గొంతు లాక్కుంది.

కృష్ణానగర్‌లో ఆమె పక్క గది జగదాంబది. కాకినాడ మనిషి. ఏం పని చేస్తుందో నవత ఏనాడూ అడగలేదు.

ఆ సాయంత్రం మిరియాల కషాయంతో వచ్చింది.

"ఆ ఇంగ్లీషు మాటున్న డైలాగు ఓసారి చెప్పమ్మా. గోడలోంచి రోజూ వినపడేది."

నవత బొంగురుగా చెప్పింది. "అంత ప్రాక్సిమిటీలో ఉండి కూడా గుర్తుపట్టలేకపోయాను, సార్."

"ప్రాక్సిమిటీ అంటే ఏంటి?"

"దగ్గర అని, ఆంటీ. మన రెండు రూముల లెక్క. దాని ముందల 'క్లోజ్' అని పెట్టొద్దన్నడు మా డైరెక్టర్. ఆ మాటలనే 'దగ్గర' అని ఉన్నదంట."

"ఆ మాట ముందు గుటక వేస్తావు. కావాలనేనా?"

"భయమైతది. గందుకే."

"మళ్లీ ఓసారి అను."

మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. నవతకు పుండు మీద కారం చల్లినట్టయింది.

"ఊకె గదే అడుగుతవేంది ఆంటీ? అది చెప్పేది నేను గాదు. ఎవతో వచ్చి చెప్తదట. దాని నోరు పడిపోను."

జగదాంబ గ్లాసు తీసుకుని లేచింది. "కషాయం మానకమ్మా" అంది.

మళ్లీ రాలేదు. కొన్నాళ్లకు గదికి తాళం పడింది. సామాను సర్దుకుని ఊరెళ్లిపోయిందని ఇంటి ఓనరు చెప్పాడు.

ఫిలింనగర్‌లో ప్రివ్యూ వేశారు. తన ముఖానికి పరాయి గొంతు ఎలా అతుకుతుందోనని నవత బిక్కుబిక్కుమంటూ కూర్చుంది.

తెర మీద తాను నోరు తెరిచింది. వినపడింది తన గొంతే. అదే జీర, అదే తొందర, ఆ మాట ముందు అదే గుటక.

"డబ్బింగ్ బాగా చెప్పుకుందీ పిల్ల" అన్నారెవరో వెనక నుంచి.

ఆట అయిపోగానే నవత లేచి బయటికి వచ్చింది.

సౌండ్ ఇంజనీర్ రఘునందన్‌ను ఆపింది. "సార్, నాకు డబ్బింగ్ చెప్పిందెవరు?"

"టైటిల్స్‌లో పేరు వద్దన్నారమ్మా, అందరూ అది నీ గొంతే అనుకోవాలట. 'ఆ అమ్మాయి నా గోడ అవతలే ఉంటుంది, నాలుగు రోజులు విని వచ్చి చెప్తాను' అని గడువు అడిగి మరీ చెప్పి వెళ్లారు, జగదాంబ గారు."