చిలక గాటు

ముసలి చిలకని నేను. నా గాటు పడిన కాయ తియ్యనిదని అడవంతటికీ నమ్మకం. ఏడు కొండల అవతలి ఉడతలు కూడా ఎగబడి వచ్చేవి. ఒకనాడు కాకి బుట్టెడు పండుమిరపకాయలు నాకు లంచంగా తెచ్చి, "చిలకత్తా, నా చెట్టు కాయలెవరూ ముట్టడం లేదు, నాలుగు గాట్లు పెట్టవే" అంది. ఆ చెట్టు కాయలు కటిక చేదని తెలిసీ, మిరపకాయల ఆశతో నాలుగు వేల గాట్లు పెట్టాను. ఒక్క ముక్కా మింగలేదు.

సాయంత్రానికి ఉడత పిల్ల కడుపునొప్పితో గిలగిల్లాడింది. "నువ్వు తిన్నావనేగా పెట్టాను!" అని తల్లి ఏడ్చింది.

"తినలేదే తల్లీ, కొరికానంతే" అన్నాను. మహా తెలివైన జవాబు!

పిల్ల మూడు రోజులకి కోలుకుంది. ఇప్పుడు ప్రతి కాయా సగం తిని, మర్నాటికి బతికుంటేనే అందరినీ పిలుస్తున్నాను. అయినా ఆ తల్లి ఊరుకోదు.

"అత్తా, మింగావా? ఏదీ, నోరు తెరు."

తెరుస్తున్నాను.