వెనక సీటున్న బండి

శ్రీకర్ బాబు గారికి,

పదో తారీఖున మీరు మొదటి స్పోర్ట్స్ కారు బుక్ చేస్తున్నారని తెలిసి, ఆలోపే అందాలని ఈ కార్డు రాస్తున్నాను. నేను మీ డ్రైవర్ యాదగిరి కూతురిని. ఈ ఏడే మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశాను కాబట్టి నాలుగు మాటలు చెప్పవచ్చనుకుంటున్నాను.

రెండు సీట్ల బండి చూడటానికి బాగుంటుంది. మీరు మాత్రం వెనక సీటున్నదే తీసుకోండి.

బండి ఎత్తు తగ్గించకండి. ఆ సంగతి చెబుతూ నాన్న, "బాబు బండిని నేలకానేటట్టు దించుతడట. ఫిల్మ్ నగర్ స్పీడ్ బ్రేకర్లకు చెప్పిండా మరి?" అని ఒకటే నవ్వు. అంత కిందికి దిగిన సీట్లో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చుంటే మళ్లీ లేవలేరు.

సైలెన్సర్ కూడా మార్చకండి. మోత చేసే బండిని మా కాలేజీ గేటు దగ్గరే ఆపేస్తారు. మోజు తీరాలంటే మంచి టైర్లు, బ్రేకులు వేయించండి.

కొత్త కారులో మొదట మమ్మల్నే ఎక్కించుకుంటానని నాన్నకు మాటిచ్చారట. వచ్చే నెల కాలేజీలో నాకు పట్టా ఇస్తారు, ఆ రోజు ఎక్కించుకోండి. నడిపేది తానేనని నాన్న అనుకుంటున్నాడు.

"ఎన్నడన్నా కారు వెనక సీట్ల కూసున్నవా నాన్నా?" అని నిన్న అడిగాను.

"కూసునుడేంది బిడ్డా? రోజూ తుడుస్త గద, మెత్తగుంటది" అన్నాడు.

ఆ రోజు మీరు నడుపుతారా? తొమ్మిదో తారీఖులోగా జవాబివ్వండి. నాన్నకు మాత్రం చెప్పకండి, తాళంచెవి దాచేస్తాడు.