ముక్కూ మొహం తెలియని మనిషి

"ఎన్నో సీసా?"

ముక్కులో వేసే చుక్కలమందు సీసా కొనుక్కుని, చుక్కల వైద్యుడి మెట్లు దిగబోతున్న మేస్త్రి ఉలిక్కిపడ్డాడు.

ఎదురుగా బక్కపలచని పెద్దాయన. చేతిలో నోటుబుక్కు, చెవి మీద పెన్సిలు.

"ఇదే మొదటిది. నీకెందుకయ్యా?" అంది మేస్త్రి భార్య, మొగుడికంటే ముందు.

"రాసుకుంటానమ్మా. తగ్గనివాళ్ళ పేర్లు."

ముక్కూ మొహం తెలియని మనిషి వచ్చి ముక్కు సంగతి అడిగితే అనుమానం రాదూ?

మేస్త్రి కాఫీగింజలు వేయించే మనిషి. డ్రమ్ములో గింజ పచ్చివాసన వదిలి, కమ్మవాసన అందుకుని, ఇంకో మూడు క్షణాల్లో మాడుతుందనగా దించెయ్యాలి. ఆ మూడు క్షణాలకే ఆయన జీతం. అందరికీ ముద్ద నోట్లోంచి వెళ్తే, ఆయనకి ముక్కులోంచి వెళ్ళేది.

ఆ ముక్కు మూడు నెలలుగా సైనస్‌తో మూసుకుపోయింది. నుదురు బరువు, కళ్ళ వెనక పోటు, వాసన సగానికి సగం.

"నెలాఖరుకి ముక్కు తెరుచుకోకపోతే డ్రమ్ము దగ్గర వేరేవాణ్ణి పెడతా" అని యజమాని ముక్కుసూటిగా చెప్పేశాడు.

పెద్దాయన గొంతు తగ్గించాడు.

"సగం వాసన ఉంది కదా? ఈ చుక్కలు వేసుకుంటే ఆ సగమూ పోతుంది బాబూ. కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోండి. పక్కవీధిలో ముక్కు డాక్టరమ్మ ఉంది. రండి, నేనే తీసుకెళ్తా."

ఆయన మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు కూడా.

"అదీ సంగతి!" అంది భార్య. "డాక్టరు దళారీ! తలకింతని ముడుతుంది కాబోలు."

"తలకి కాదే, ముక్కుకి."

మాటలు విని చుక్కల వైద్యుడు బయటికొచ్చాడు.

"మళ్ళీ వచ్చావా?" అని గుడ్లురిమాడు. "మేస్త్రిగారూ, ఈయన మాట వినకండి. వెయ్యిమందికి ఇచ్చాను చుక్కలు. ఎనిమిదొందల మంది మళ్ళీ నా గడప తొక్కలేదు. తగ్గకపోతే తిరిగి రారూ?"

"ఎందుకొస్తారు?" అన్నాడు పెద్దాయన. "నేను వాళ్ళ ఇళ్ళకెళ్ళి అడిగాను. మంట తట్టుకోలేక మానేసినవాళ్ళు, వాసనే పోయినవాళ్ళు..."

"అసలు నువ్వెవరివి? ముందది చెప్పు" అన్నాడు మేస్త్రి.

పెద్దాయన తల దించుకున్నాడు.

"చెప్పి ఉపయోగం లేదు బాబూ."

తన పేరు చెప్పనివాడు ఊళ్ళోవాళ్ళ పేర్లు రాసుకోవడమేమిటి! అసలే మూసుకుపోయిన ముక్కు, దాని మీద కోపం కూడా ఎక్కి కూర్చుంది. మేస్త్రి ఆయన్ని మెడపట్టి మెట్ల మీంచి గెంటాడు.

పెద్దాయన కిందపడ్డాడు. ఎవరూ లేవదీయలేదు. ఆయనే లేచి, నోటుబుక్కు దులుపుకుని, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

చుక్కలు మొదలయ్యాయి. ముక్కులో నిప్పులు పోసినట్టుంది.

"మంట ఉందంటే మందు పనిచేస్తున్నట్టే" అన్నాడు వైద్యుడు.

పదోరోజుకి ఊపిరి సాఫీగా ఆడింది. మేస్త్రి ఈలవేసుకుంటూ డ్రమ్ము తిప్పాడు.

"ఏమయ్యా, ముక్కు ఇంట్లో పెట్టొచ్చావా?"

యజమాని కేకకి కళ్ళెత్తి చూస్తే నల్లటి పొగ. గింజలన్నీ బొగ్గులు.

ముక్కులోకి గాలి వస్తోంది. వాసన రావడం లేదు.

డాక్టరమ్మ ముక్కులోకి లైటు వేసి చాలాసేపు చూసింది.

"వాసన పట్టే పొర కాలింది. తిరిగొస్తుందని మాటివ్వలేను. ఆ చుక్కలు వద్దని ఎవరూ చెప్పలేదా?"

భార్య కళ్ళొత్తుకుంది. "చెప్పాడమ్మా ఒకాయన. మేమే..."

"నోటుబుక్కు పెద్దాయనా? ఆయన చెయ్యిపట్టుకుని తీసుకొచ్చిన ముప్ఫైరెండు మందికీ వాసన దక్కింది. పదిరోజులై రావడం లేదు. ఎవరో మెట్ల మీంచి తోసేశారట, మంచాన పడ్డాడు."

మేస్త్రి గెంటిన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

"ఎవరమ్మా ఆయన? అడిగితే చెప్పలేదు."

"మొదట్లో చెప్పేవాడు," అంది డాక్టరమ్మ, "ఆ చుక్కలు కనిపెట్టింది తానేనని. అది విని, అక్కసుకొద్దీ వద్దంటున్నాడనుకుని, జనం ఇంకో సీసా ఎక్కువ కొనుక్కుపోయేవాళ్ళు."