ఫేబీ మార్చిన టిక్కు

ఆదివారం ఆరాధన నుంచి మయూర్ విహార్ ఫ్లాటుకి రాగానే మా అమ్మాయి ఫేబీ బల్ల మీది మ్యూచువల్ ఫండ్ ఫారం లాక్కుని, క్రితం వారం తను పెట్టిన టిక్కు తనే కొట్టేసింది.

"బ్యాంకు షేర్ల ఫండ్ వద్దు నాన్నా. బాండ్ ఫండ్‌లో పెట్టు."

నాకు నవ్వాగలేదు. అది తన పెళ్లికని నేను దాచిన డబ్బు. పెళ్లి మాటెత్తినప్పుడల్లా, "షేర్లలో వేసి పదేళ్లు మరిచిపో" అన్నది ఈ మహాతల్లే!

"ఏమ్మా ఆఫీసరమ్మా, బ్యాంకులన్నీ మూతపడ్డాయా?"

"అరే, నహీ నాన్నా! అందులో ఉండేవన్నీ బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల షేర్లే. లేచినా పడినా అన్నీ కలిసే. ఆగగలిగితే లాభం ఎక్కువ."

"మరి బాండ్ ఫండో?"

"గవర్నమెంటుకీ, బోలెడు కంపెనీలకీ అప్పిస్తుంది. వడ్డీ మెల్లగా వస్తుంది. పెద్దగా పడిపోదు."

"అచ్ఛా! అంటే నాలాంటి ముసలాడి నడకన్నమాట. ఇన్నాళ్లూ పరుగే కావాలన్నావు, ఇప్పుడీ నడక మీద ప్రేమెందుకు పుట్టిందే?"

ఫేబీ కలం మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది.

"వచ్చే ఏడాది కావాల్సిన డబ్బు షేర్లలో పెట్టకూడదు నాన్నా."

"వచ్చే ఏడాది మనకేం ఖర్చుందే?"

నా బంగారుతల్లి తల వంచుకుని నవ్వుతోంది.

అప్పటికి గానీ నాకు వెలగలేదు. దేవా, నీకు వేయి స్తోత్రాలు!

"ఎవరే ఆ అబ్బాయి?" అని నేను అరిచిన అరుపుకి కింది ఫ్లాటు వాళ్లు కూడా బయటికొచ్చారు.